మీకెలా తోస్తే అలా, సార్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆవిడ రాజమండ్రిలో ఒక తెలుగు మీడియం స్కూల్లో టీచరు. ఎవరో దాత ఆ స్కూలుకి కంప్యూటర్లు ఇచ్చాడు. వాటిలో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేశారు. తెలుగు కనబడేది గానీ, చూస్తే కడుపు తరుక్కుపోయేది. ‘రాష్ట్రం’ అని కొడితే ‘ష’ కింద ఉండాల్సిన వత్తులు పక్కకి జారి విడివిడిగా పడేవి.

“జూన్లో ఈ సాఫ్ట్‌వేర్ కొత్త సీడీ వస్తుందంట కదమ్మా. అందులో సరిగ్గా ఉంటే తెలుగులో నేర్పుదాం. లేదంటే ఇంగ్లీషే” అన్నారు హెడ్మాస్టరు గారు. ఇంగ్లీషంటే మా ఆవిడ క్లాసులో సగం మంది మౌస్ కూడా ముట్టుకోరు.

నేనప్పుడు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ సాఫ్ట్‌వేర్ లోపలి ప్రోగ్రాం ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. దిద్దిన వరసల్ని ప్యాచ్ అంటారు. దాన్ని అందరూ చదివే మెయిలింగ్ లిస్టుకి పంపితే, ఆ ప్రోగ్రాం చూసుకునే పెద్దాయన పరిశీలించి ఒప్పుకోవాలి. అప్పుడే సీడీలోకి ఎక్కుతుంది. నానా తంటాలు పడి తప్పు పట్టుకున్నాను. మా ఇంటి కంప్యూటర్లో ‘రాష్ట్రం’ కుదురుగా నిలబడింది. మా ఆవిడ తెరని వేలితో తడిమి నవ్వింది.

కోటిపల్లి బస్టాండ్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నుంచి ప్యాచ్ పంపాను. ఏదో చలిదేశంలో ఉండే ఆ పెద్దాయన ముక్తసరిగా జవాబిచ్చాడు: “ఇది కన్నడాన్ని పాడుచేయదా? నాకు తప్పనిపిస్తోంది.”

పాడుచేయదు. కన్నడ అక్షరాలకీ అదే ప్రోగ్రాం కాబట్టి, అందులోనూ చూసుకున్నాకే పంపాను. ఆ మాటే రాస్తే సరిపోయేది. కానీ మా వైపు పెద్దల మాటకి వెంటనే అడ్డం చెప్పం. ముందు “మీరన్నది నిజమేనండి” అంటాం. వాళ్ళు “పర్లేదు, నీ మాటేంటో చెప్పవయ్యా” అంటారు. అసలు సంగతి అప్పుడు మొదలెడతాం. మా నాన్నగారి దగ్గరా, ప్రిన్సిపాల్ గారి దగ్గరా అలాగే నెగ్గుకొచ్చాను. ఈ పెద్దాయనకీ అలాగే రాశాను: “మీరన్నది నిజమే సార్. మీకెలా తోస్తే అలా చేయండి.”

ఆ “పర్లేదు, చెప్పవయ్యా” కోసం రోజూ సెంటర్‌కి వెళ్ళాను. “ఏంటండీ, వీసా కోసమా?” అని సెంటర్ ఆయన ఆటపట్టించేవాడు. గుర్తుచేస్తే పెద్దాయన విసుక్కుంటాడేమోనని ఊరుకున్నాను.

జూన్లో సీడీ వచ్చింది. ‘రాష్ట్రం’ ఎప్పట్లాగే చెల్లాచెదురుగా ఉంది. లిస్టులో పాత మెయిళ్ళు వెతికితే, నా ప్యాచ్ ఏమైందని అడిగిన ఇంకొకాయనకి ఆ పెద్దాయన ఇచ్చిన జవాబు కనబడింది: “పంపినవాడే తప్పని ఒప్పుకున్నాడు. పక్కన పెట్టేశాను.” అందులో కోపం లేదు, వెటకారం లేదు. ఆయన నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. వాళ్ళ పద్ధతిలో ఎదురు జవాబు చెప్పడమే మర్యాద.

కన్నడం సంగతంతా రాసి మళ్ళీ పంపాను. ఈలోగా ప్రోగ్రామే మారిపోయిందట, కొత్తదాని మీద మొదట్నుంచీ చేసుకురమ్మన్నారు. చేసినా అది వచ్చే ఏడాది సీడీకే. స్కూల్లో అప్పటికే ఇంగ్లీషు పెట్టేశారు.

ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పులు విప్పుతూనే అంది. “పిల్లలు అడిగారండి, దీనికి తెలుగు రాదా టీచర్ అని. ఏం చెప్పమంటారు?”

లోపల గదిలో నా కంప్యూటర్ తెర మీద ‘రాష్ట్రం’ వత్తులతో సహా చక్కగా ఉంది.

“రాదని చెప్పు” అన్నాను.