నడుమ రెండు గంటలు

పెద్దమ్మ పోయిందన్న కబురు మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఉప్పల్‌లో ఒక దవాఖానాలో, చెడిపోయిన ఎక్స్‌రే యంత్రం ముందు కూచుని ఉన్నాను. "పొద్దున చాయ్ తాగిందట. పేపర్ సదువుకుంట అట్లనే ఒరిగిందట బిడ్డా. నువ్వొస్తవా?" అంది. వస్తానన్నాను. యంత్రం మూత బిగించి లేవాలన్న సంగతి తోచడానికి చాలాసేపు పట్టింది.

ఆమె మాకు చుట్టం కాదు. నాచారం, మల్లాపూర్ కలిసే చోట ఉన్న మా బస్తీకి ఒకసారి కార్పొరేటర్‌గా గెలిచింది. ఒక్కసారే. తర్వాత ఓడిపోయింది. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఆమె ఒకప్పుడు గెలిచిందన్న సంగతే తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెను నేను మొదటిసారి కిటికీ ఊచల మధ్య నుంచి చూశాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు, చెల్లికి ఆరు. జనగామ దిక్కు నుంచి వచ్చి ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న లారీ మీద వారాల తరబడి తిరిగేవాడు. అమ్మ మల్లాపూర్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. మేము బడి నుంచి రాగానే ఇంటి ఓనరమ్మ మమ్మల్ని గదిలోకి పంపి బయట తాళం వేసేది. అలా చేయమని చెప్పింది అమ్మే. వీధిలో కుక్కలు, బండ్లు, ఇంకా అమ్మ మాకు చెప్పని భయాలు.

ఆ సాయంత్రం ఎన్నికల ప్రచారం గుంపు డప్పులు కొట్టుకుంటూ మా గల్లీ దాటిపోయింది. ఒకామె మాత్రం మా తలుపు దగ్గర ఆగిపోయింది.

"లోపల ఎవరున్నరు బిడ్డా?"

"నేను, మా చెల్లి."

"అమ్మేది?"

"కంపెనీల. ఆరున్నరకు వస్తది."

"మరి చెల్లి ఎందుకేడుస్తుంది?"

"ఒంటికి పోవాల్నట. బాత్రూం బయటుంది."

ఆమె ఓనరమ్మను పిలిచి తాళం తీయించింది. తీయించి వెళ్లిపోలేదు. మా గడప మీద కూచుంది. ఆమె మనుషులు రెండుసార్లు వచ్చి పిలిచినా లేవలేదు. అమ్మ వచ్చి, పార్టీ కండువా వేసుకున్న మనిషిని ఇంటి ముందు చూసి బెదిరిపోయింది. తిడుతుందనుకుంది. ఆమె తిట్టలేదు.

"నేను సుత నా పిల్లలను గిట్లనే లోపల పెట్టి కుట్టుపనికి పోయిన. తప్పు నీది గాదు చెల్లె. నాలుగున్నరకు బడి ఇడుస్తరు, కంపెనీ ఇడిసి నువ్వొచ్చేసరికి ఆరున్నర. నడుమ రెండు గంటలు ఎవరియి?"

ఆమె గెలిచిన తర్వాత కార్పొరేషన్ మీటింగులో ఇదే మాట అడిగిందట. అందరూ రోడ్ల గురించి, మురుగు మోరీల గురించి మాట్లాడుతున్న చోట లేచి, బడి అయ్యాక పిల్లలు ఎక్కడ ఉంటున్నారో ఎవరికైనా ఎరుకా అందట. కొందరు నవ్వారట. అప్పట్నుంచి ఆమెకు 'రెండు గంటలమ్మ' అని పేరు పడింది. ఆ పేరు చెప్పి ఆమె కూడా నవ్వేది.

బడి పక్కనే ఉన్న కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లకు తప్ప తెరిచేవాళ్లు కాదు. దాన్ని సాయంత్రాలు పిల్లల కోసం తెరిపించింది. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఇద్దరమ్మాయిలను టీచర్లుగా పెట్టింది. తనూ తలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచునేది. సంతకాల కోసం వచ్చే జనం మా ఎక్కాల గోల మధ్యే నిలబడి ఆమెకు కాగితాలిచ్చేవాళ్లు. లోపలికి వచ్చే ప్రతి పిల్లనూ "ఏం తిన్నవ్?" అని అడిగేది. ఏం చదివావని అడగడం నేను వినలేదు. మొదటి రోజు నేను మేడం అంటే, "మేడం ఏంది, పెద్దమ్మా అను" అంది. అలా ఆమె మా అందరికీ పెద్దమ్మ అయింది.

ఆ హాలు మూతపడే పరిస్థితి ఒకసారి వచ్చింది. కారణం నేనే. ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

ఆరో తరగతిలో ఉన్నాను. ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. పెద్ద క్రేన్ ఒకటి ఇల్లంత సిమెంటు దిమ్మెను గాల్లోకి లేపుతుందని క్లాసులో ఎవరో చెప్పారు. ఆ సాయంత్రం నీళ్లు తాగొస్తానని హాలు టీచర్‌కు చెప్పి, బయటికి వచ్చి బస్సెక్కాను. రింగురోడ్డు దగ్గర దిగి, చుట్టూ కట్టిన రేకుల సందులోంచి ఆ క్రేన్‌ను చూస్తూ నిలబడిపోయాను. ఆరున్నరకు హాలుకు వచ్చిన మా అమ్మకు చెల్లి కనిపించింది, నేను కనిపించలేదు.

చీకటి పడుతుండగా నా భుజం మీద చెయ్యి పడింది. పెద్దమ్మ. కాళ్లకు చెప్పులు లేవు. నేను వారం నుంచి క్రేన్ గురించే వాగుతున్నానని చెల్లి చెప్పిందట. కొట్టలేదు. ఆటో ఎక్కించి, నాచారం వైపు తిరిగాక అడిగింది.

"ఎందుకు పోయినవ్?"

"పొద్దంత బడిల లెక్కలే. సాయంత్రం హాల్ల సుత లెక్కలే."

ఆమె నన్ను ఇంటి దగ్గర దింపి, అమ్మకు అప్పజెప్పి వెళ్లింది.

మరునాడు హాల్లో తల్లిదండ్రులు, బడి హెడ్మాస్టరు, బస్తీ పెద్దలు చేరారు. ఏమైనా అయితే జవాబు ఎవరు చెప్తారు, మూసేయడమే మంచిదని తలా ఒక మాట అన్నారు. పెద్దమ్మ లేచింది.

"జవాబు నేనే జెప్త. పిల్ల పారిపోలే, మనమే తరిమినం. పొద్దంత బడిల కూసున్నోళ్లకు మల్ల బడే పెట్టిన. నాకు తెల్వక జేసిన. ఒక్క నెల టైం ఇయ్యిన్రి. పిల్లలు ఉరుక్కుంట రాకపోతే నేనే మూసేస్త."

అప్పుడు మా అమ్మ లేచింది. రాత్రంతా ఏడ్చి ఉన్న మొహం. నన్ను అందరి ముందూ తిడుతుందనుకుని తల దించుకున్నాను.

"నా పిల్లను రేపు సుత పంపుత" అని కూచుంది.

తప్పిపోయిన పిల్ల తల్లే ఆ మాట అన్నాక హాలుకు ఆ నెల గడువు దొరికింది.

ఆ నెలలోనే హాలు రూపం మారింది. ఆడపిల్లలకు కబడ్డీ వచ్చింది. గోడకు బోర్డు బదులు పిల్లల బొమ్మలు వచ్చాయి. మల్లాపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన ఒక తాతను పెద్దమ్మ బతిమాలి తీసుకొచ్చింది. ఆయన పాత ఫ్యాన్లు, మిక్సీలు మా ముందు పెట్టి విప్పమనేవాడు. నేను ఒక మిక్సీని విప్పి మళ్లీ బిగిస్తే ఒక స్క్రూ మిగిలిపోయింది. భయపడుతూ పెద్దమ్మకు చూపించాను.

"తిరుగుతుందా?"

"తిరుగుతుంది."

"అయితే ఫికర్ జెయ్యకు. అది యాడిదో రేపు ఎతుకు."

మరునాడు వెతికాను, దొరికింది. ఈ రోజు నేను చేస్తున్న, దవాఖానా యంత్రాలు బాగుచేసే ఉద్యోగం అక్కడ మొదలైందని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఆమె ఓడిపోయింది. రోడ్డు వేయలేదు, మోరీ కట్టలేదు, పిల్లలతో ఆడుకుందని అన్నారు. అందులో కొంత నిజం కూడా ఉంది. మా గల్లీ మోరీ ఆమె హయాంలో నిజంగానే బాగుపడలేదు. ఫలితాలు వచ్చిన మరునాడు కూడా ఆమె కుర్చీ తలుపు దగ్గరే ఉంది. అప్పుడు నేను పదో తరగతి.

"ఓడిపోయినవ్ గదా పెద్దమ్మా. మల్ల ఎందుకొచ్చినవ్?"

"ఓడింది నేను. నాలుగున్నర అయితే అయ్యింది గదా."

హాలును మళ్లీ పెళ్లిళ్లకే ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడల్లా ఆమె తనను ఓడించిన మనిషి ఇంటికి వెళ్లేది. ఆయనది వేరే పార్టీ. బయట బల్ల మీద, పింఛను కోసం వచ్చిన ముసలివాళ్ల పక్కన తన వంతు కోసం కూచునేది. ఒకసారి నేను తోడు వెళ్లాను. నాకు చిన్నతనంగా అనిపించి, ఇక రావొద్దు పెద్దమ్మా అన్నాను. "నా పని కోసం అయితే సిగ్గుపడుదును బిడ్డా" అంది. హాలు తెరిచే ఉంది.

ఆ రోజు ఉప్పల్ నుంచి నేను చేరేసరికి పెద్దమ్మ ఇంటి ముందు షామియానా వేశారు. ఆ ఓడించినాయన కూడా అక్కడే ఉన్నాడు, జుట్టు నెరిసింది. ఎవరితోనూ కాకుండా తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "మస్తు సతాయించింది అక్క. నేనెప్పుడన్న వద్దంటే, కోపం జెయ్యకపోయేది. మల్ల నెలకు వచ్చి కూసునేది. ఇగ నన్నెవరు అడుగుతరు?"

దహనం అయ్యాక హాలు మీదుగా నడిచి వస్తుంటే అది తెరిచే కనిపించింది. ఇవాళ సెలవిద్దామని మొదట అనుకున్నానని, కానీ కంపెనీలకు సెలవు లేదు కదా అని తెరిచానని టీచరమ్మ చెప్పింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లలు రోజూలాగే గోల చేస్తున్నారు.

ఆరున్నర దాటింది. కంపెనీ టోపీ అచ్చు నుదుటి మీద ఇంకా చెరగని ఒక తల్లి, టిఫిన్ సంచీతో వచ్చి మెట్టు మీద నిలబడింది. లోపల ఆమె కూతురు నేల మీద బోర్లా పడుకుని ఏదో రంగులు వేస్తోంది.

"పోదాం రా బిడ్డా."

"జర ఆగే అమ్మా."

ఆ తల్లి సంచీ పక్కన పెట్టి, మెట్టు మీద కూచుని కాళ్లు చాపుకుంది. పిల్ల తల ఎత్తకుండా నీలం రంగు పెన్సిల్ వెతుక్కుంటోంది.