మైకమ్మ అరిచిన పాట

ఆ పాట మీరూ వినే ఉంటారు. వినలేదంటే ఆ మధ్యంతా చెవుల్లో దూది పెట్టుకుని తిరిగి ఉండాలి. మొదట గిటారు ఒంటరిగా ఏడుస్తుంది. దాని మీద డ్రమ్ములు విరుచుకుపడతాయి. అంతలో అన్నీ ఠక్కున ఆగిపోయి ఒక ఆడగొంతు ఉరుముతుంది: "ఆపండ్రా! చెవులున్నాయా, అద్దెకిచ్చేశారా?"

ఆ గొంతు మా తోడికోడలిది. వీధిలో అందరూ మైకమ్మ అంటారు, నేను అక్కా అంటాను. మాది లాండ్రీ. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి గౌన్లు ఉతుకుతాం. మా బావగారు పోయాక ఆమే నడుపుతోంది. నేను కౌంటరులో కూర్చుంటాను.

అక్కకు ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు, లాండ్రీ ఇచ్చింది. ఉతికే మెషీన్ల హోరులో మామూలుగా మాట్లాడితే పక్కవాడికి పెదాలు కదలడమే కనిపిస్తుంది. పైగా మా దగ్గర వేడి రోలరు ఉంది. ఈ పక్క ఇద్దరు నిలబడి తడి దుప్పటి అంచులు అందిస్తే, ఆ పక్క నుంచి అది ఇస్త్రీ అయి బయటికొస్తుంది. ఆపే స్విచ్చు ఆ పక్కనే ఉంది. అక్కడ నిలబడే రోలరతనికి ఈ పక్క చేతులు కనిపించవు. అందుకని దుప్పటి మడత పడినా, ఎవరి వేలు మరీ దగ్గరికెళ్లినా అక్క "ఆపండ్రా!" అని అరుస్తుంది. అతను చూడడు, అడగడు, స్విచ్చు నొక్కేస్తాడు. మా లాండ్రీలో ఎవరి వేళ్లు వాళ్లకు మిగిలాయంటే ఆ ఒక్క మాట చలవే.

ఇక పాట కట్టిన మహానుభావుడు అక్క మేనల్లుడు. తల్లీతండ్రీ లేని పసివాణ్ణి తెచ్చుకుని, తిట్టి పెంచింది. తిడుతూ అన్నం పెట్టింది, తిడుతూ జ్వరానికి మందు పోసింది, పరీక్ష తప్పి ఇంటికొస్తే తిడుతూ తల నిమిరింది. వాడు పెద్దవాడై, ఏ ఉద్యోగమూ తన స్థాయికి తగదని తేల్చుకుని, గిటారు పట్టాడు. మేడమీద బట్టలారేసే గదిలో ముగ్గురు స్నేహితులను పోగేసి బ్యాండు పెట్టాడు.

"ఇదేం సంగీతంరా?" అని అడిగాను.

"ఆల్టర్నేటివ్ రాక్, చిన్నత్తా."

దేనికి ఆల్టర్నేటివో చెప్పలేదు. మధ్యాహ్నపు కునుక్కి అనుకుంటా.

ఒకరోజు పైన డ్రమ్ములు ఎంతలా మోగాయంటే, కింద అక్క ఆపమన్నా రోలరతనికి వినబడలేదు. దుప్పటి చుట్టుకుపోయి మాడింది. అక్క సగం మెట్లెక్కి, వాళ్ల దుమ్ము దులిపేసింది. ఆ సమయానికి పైన పాట రికార్డవుతోంది. ఇంకెవరైనా అయితే సిగ్గుపడి ఆ ముక్క తీసేసేవాళ్లు. మావాడు కళ్లు మూసుకుని మళ్లీమళ్లీ విని, "ఇదే కావలసింది!" అన్నాడట. మిగతా పాటలో పదాలున్నాయి గానీ, అవేమిటో ఇప్పటికీ ఎవరికీ పట్టలేదు.

పాట బయటికొచ్చింది, ఊరు వెర్రెత్తిపోయింది. పిల్లలు, పెద్దలు, పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచి పడుకున్నవాళ్లు సైతం అదే పాట. వంతెన కట్టమనేవాళ్లు ఊరేగింపులో దాన్నే పెట్టారు, వంతెన వద్దనేవాళ్లూ దాన్నే పెట్టారు. ఒక పత్రికలో ఒకాయన పేజీ నిండా రాశాడు. అది యంత్రయుగంలో నలిగిపోయిన మనిషి ఆత్మ వేసిన కేకట. అక్క చదివించుకుని విని, "ఎవరే ఆ నలిగినావిడ?" అంది.

ఒక టీవీ అమ్మాయి కూడా మైకు పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఆపండ్రా అన్నారు కదా, దేన్ని ఆపమన్నారు?"

"డ్రమ్ముల్ని."

"అంటే, ఈ వ్యవస్థనా?"

"డ్రమ్ములమ్మా. ఇదిగో, ఇంత లావుంటాయి, వాటిని."

ఆ అమ్మాయి కెమెరా వైపు తిరిగి, ఎంత లోతైన సమాధానమో అంది. నేను నవ్వాపుకోలేక దుప్పట్ల వెనక్కి పోయాను.

నవ్వు అక్కడితో సరి. ఆ తర్వాత అక్క నోరు తెరిస్తే చాలు, జనం ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టారు. బండి అడ్డం పెట్టినవాణ్ణి తిడితే వాడు బండి తీయకుండా చప్పట్లు కొట్టాడు. లాండ్రీలో పనివాళ్లు ఆమె తిట్టు పూర్తికాకముందే మిగతాది అందుకునేవాళ్లు. మేనల్లుడైతే మరీ ఘోరం. ఆమె తిడుతుంటే తల ఊపుతూ, తొడ మీద తాళం వేసేవాడు. "ఆ చివర కొంచెం సాగదియ్యి అత్తా, బాగుంటుంది" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. చీపురు తిరగేద్దామనుకుని ఊరుకున్నాను.

"నా మాట తీసుకెళ్లి వాడు ఊరందరికీ ఆటబొమ్మ చేసిచ్చాడే" అంది అక్క ఒకరోజు అన్నం ముందు కూర్చుని. "రేపు రోలరు దగ్గర అరిస్తే ఆపేదెవరు?"

"ఆపకేం చేస్తారక్కా" అన్నాను. అంత తెలివి నాది.

మావాడి బ్యాండుకి ఊళ్లో పెద్ద కచేరీ కుదిరింది, దానికి ఇంకా వారముంది. దుప్పట్లందించే మనిషి రాలేదు. మావాడు తానే నిలబడతానన్నాడు. ప్రేమతో అనుకునేరు, శ్రమజీవిలా వీడియో తీయించుకోవడానికి. చేతికి తోలుపట్టీ. తీసెయ్యమని అక్క చెబితే, "లుక్కు పోతుందత్తా" అన్నాడు. ఫోను వైపు చూస్తూ దుప్పటి అందిస్తున్నాడు. పట్టీ కొక్కేనికి దుప్పటి అంచు తగులుకుంది.

"ఆపండ్రా!"

రోలరతను అటుపక్క నుంచి హుషారుగా, "చెవులున్నాయా, అద్దెకిచ్చేశారా!" అని పాడాడు. ఫోను పట్టుకున్నవాడు ఈల వేశాడు. దేవుడా, చెయ్యి లోపలికి పోతున్న మావాడు కూడా తాళానికి తల ఊపాడు. అక్క ఇంకోసారి అరిచింది. ఇంకా గట్టిగా పాడారు. అప్పుడామె బట్టల బండిని గుద్దుకుంటూ, పడుతూ లేస్తూ అటువైపు ఉరికి, రోలరతన్ని పక్కకు నెట్టి స్విచ్చు నొక్కింది.

రెండు వేళ్ల చర్మం ఊడొచ్చింది. వేళ్లు దక్కాయి. నయమవుతుంది గానీ తీగలు నొక్కడానికి చాలాకాలం పడుతుందన్నాడు డాక్టరు. కచేరీ ఆగిపోయింది. అది శబ్దం నుంచి మౌనం వైపు బ్యాండు ప్రయాణమని పేజీ నిండా రాసినాయన మళ్లీ రాశాడు. ఆయన కనబడితే రెండు దుప్పట్లు ఆయనచేత పిండించాలని నాకు కోరిక.

ఆ రోజు నుంచి అక్క అరవడం మానేసింది. రోలరు దగ్గర తాడుతో గంట కట్టించింది. పని ఉంటే గంట, లేకపోతే లేదు. నోరు విప్పితే మెల్లగా, పరాయివాళ్లతో మాట్లాడినట్టు, "జరగండి", "తీసుకోండి". ఆ మాటలు వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

మావాడు కట్టు కట్టిన చేత్తో లాండ్రీలోనే తచ్చాడేవాడు. కావాలని కుళాయి తిప్పి వదిలేసేవాడు, అక్క వచ్చి కట్టేసేది. ఇస్త్రీ దుప్పట్ల మీద చెప్పులు పెట్టాడు. తీసి కింద పెట్టింది, అంతే. చివరికి వాడే వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"అత్తా, ఒక్కసారి తిట్టవా."

"ఎందుకు? తాళం వేసుకోవడానికా?"

వాడి మొహం నల్లబడింది. "ఆ పాట తీసెయ్యమన్నానత్తా. ఊరంతా పాకిపోయింది. ఇంక నా చేతిలో లేదు."

అక్క వాడి చేతి కట్టు వైపు చూసింది, పక్కకు తిరిగిపోయింది.

అప్పుడే వీధిలో ఏదో కారు ఆ పాట పెట్టుకుని వెళ్లింది. "ఆపండ్రా!"

రోలరు ఠక్కున ఆగిపోయింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి బెదిరిపోయి ఉన్నాడు రోలరతను. గోడ మీంచి బల్లి పడినా స్విచ్చు మీద చెయ్యి వేసేస్తున్నాడు. మావాడు కాలిన చెయ్యి గుండెకు హత్తుకుని గోడకు అంటుకుపోయాడు. రోలరులో ఇరుక్కున్న దుప్పటి నుంచి పొగ లేచింది.

అక్క గంట తాడు అందుకోబోయింది. వాడి మొహం చూసింది. తాడు వదిలేసింది.

"ఒరేయ్, తిప్పరా! హోటలు దుప్పటిరా అది, నీ అబ్బ సొమ్ము కాదు! కార్లో నేనున్నానట్రా, ఆపడానికి? నువ్వేంట్రా వెధవా, గోడకి బల్లిలా? పట్టీ తియ్యమన్నానా లేదా? వేళ్లు పోతే ఎవరికి చెప్పుకోవాలిరా నేను? నాకెవరున్నార్రా?"

గొంతు పగిలింది. అయినా ఆపలేదు. కుళాయి, చెప్పులు, చిన్నప్పటి పరీక్ష, అన్నీ బయటికొచ్చాయి. కౌంటరు దగ్గర ఎవరో ఫోను ఎత్తబోతే నేను చేతిలోంచి లాగేసుకున్నాను.

మావాడు గోడ వారగా కింద కూర్చుండిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తల కదపకుండా, మంచి చేతిని మోకాలి మీద పెట్టుకుని, చివరిదాకా విన్నాడు. ఆ చేతి వేళ్లు ఒక్కసారి కూడా తాళం వేయలేదు.