ఒక్క మనిషి లాగాల్సిన గొలుసు

2006లో నేను పాల్వంచలో ఒక కాంట్రాక్టరు దగ్గర రిగ్గర్‌గా పనిచేస్తున్నాను. రిగ్గర్ అంటే బరువైన యంత్రాలను తాళ్లతో, గొలుసులతో కట్టి, ఎత్తి, చెప్పిన చోట దించే మనిషి. నా చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం పని మీద నేర్చుకున్నాను. ఇనుప పైపు పొడవు, వెడల్పు, మందం చెబితే కాగితం లేకుండా బరువు చెప్పేవాణ్ణి. వంద కిలోలకు ఐదు కిలోల కన్నా ఎక్కువ తేడా వచ్చేది కాదు. అలాంటి లెక్క ఒకసారి దాదాపు నాలుగింతలు తప్పింది. అదీ పనిలో కాదు, ఆగస్టులో ఒక ఆదివారం, స్నేహితులతో బురదలో ఆడుకోబోయినప్పుడు.

నా స్నేహితుడు రాజమౌళికి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉండేది. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే బండి. టేకులపల్లి చుట్టుపక్కల గూడేల నుంచి జనాన్ని సంతకూ దవాఖానకూ తిప్పడమే అతని బతుకుదెరువు. మా వెల్డర్ సలీం టీవీలో ఎవరో బురదలో బండ్లు నడపడం చూశాడు. "అన్నా, వాళ్ళు దానికి డ్రెస్సులు గూడ ఏసుకుంటున్రు. మనకు కాలు బయట పెడితే బురదేనాయె" అన్నాడు. రాజమౌళికి పౌరుషం వచ్చింది. "నా బండి దిగని వాగు ఈ అడవిల లేదు" అన్నాడు.

బయల్దేరేటప్పుడు నా చైన్ పుల్లీ బ్లాక్‌ను వెనక సీటు కింద పెట్టాను. పళ్ల చక్రాల పెట్టె, రెండు గొలుసులు. చేతి గొలుసును చాలాసేపు తేలిగ్గా లాగితే, కొక్కెం ఉన్న గొలుసు పెద్ద బరువును కొంచెం కొంచెం లాగుతుంది. నాది ఒకటిన్నర టన్నులది.

"పెండ్లికి పోయినా గిది తెస్తవా ఎంకన్నా?" అన్నాడు రాజమౌళి.

"పిల్ల అలిగి కూసుంటే గుంజనీకి" అన్నాడు సలీం.

టేకులపల్లి దాటి అడవి దారి పట్టాక మధ్యాహ్నం వరకు బాగా గడిచింది. బండి పక్కకు జారుతుంటే సలీం కేకలు, అద్దం నిండా బురద. నాకు మాత్రం ఇంకో సంగతి మీద ఆసక్తి పుట్టింది. సుద్దముక్కతో ముందు చక్రానికి గీత పెట్టి, బయట నడుస్తూ చుట్లు లెక్కపెట్టాను. అరవై అడుగులు పోవడానికి పొడి నేల మీద ఎనిమిది చుట్లు చాలు. ఆ బురదలో ఇరవై పట్టాయి. మిగతా పన్నెండు చుట్లు ఏమైనట్టు? ఆ మాట అడిగితే సలీం, "బురద తిన్నది భాయ్" అని నవ్వాడు.

వాగు దాటేటప్పుడు దిగబడ్డాం. నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. అవతలి ఒడ్డు కింద నల్లటి ఒండ్రు ఉంది. రాజమౌళి యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రాలు తవ్వుకుంటూ పోయాయి. చివరికి బండి పొట్ట బురద మీద ఆనింది.

మొదట ఎవరికీ బెంగ లేదు. నేను ఒడ్డు మీది మద్దిచెట్టుకు స్లింగ్ చుట్టాను. స్లింగ్ అంటే రెండు చివర్లా ఉచ్చులున్న ఇనుప తాడు. దానికి బ్లాక్ తగిలించి, కొక్కెం బండి ముందుకు వేశాను. లెక్క నోటితోనే చెప్పాను. జీపు పన్నెండు వందల కిలోలు. ఒడ్డు వాలుకు మూడు వందలు, బురదలో చక్రాల మొరాయింపుకు మూడు వందల యాభై, మొత్తం ఆరు వందల యాభై. నా బ్లాక్ పదిహేను వందలు లాగుతుంది.

గొలుసు రెండు చేతుల మేర వచ్చి బిగుసుకుంది. నిండు బరువు మీద కూడా ఆ చేతి గొలుసుకు ముప్పై ఐదు కిలోల లాగుడు చాలు. నేను యాభై ఎనిమిది కిలోల మనిషిని, రెండు కాళ్లూ నేల మీంచి లేపి వేలాడాను. కదల్లేదు. చేయకూడని పని అది. తోచగానే దిగిపోయాను. కానీ వేలాడినందుకు ఒక అంకె దొరికింది. ముప్పై ఐదు కిలోలకు ఒకటిన్నర టన్నులైతే, నా యాభై ఎనిమిదికి దాదాపు రెండున్నర టన్నులు. ఆ లాగుడుకు కూడా బండి రావడం లేదు. పన్నెండు వందల కిలోల జీపును ఆకాశంలోకి ఎత్తడానికైనా పన్నెండు వందలు చాలు కదా! మరి ముందుకు లాగడానికి రెండున్నర టన్నులు ఎందుకు చాలడం లేదు?

నేను అక్కడే నిలబడి ఆలోచిస్తుంటే సలీం నీళ్ల వైపు చూపించాడు. అంతదాకా తేటగా ఉన్న వాగు ఎర్రబడింది. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. ఎగువ గుట్టల మీద మబ్బు నల్లగా ఉంది. ఒక పుల్లకు వేలు వెడల్పున గాట్లు పెట్టి నీళ్లలో గుచ్చాను. బండి లోపలి ఫ్లోర్ నీళ్లకు జానెడు పైన ఉంది, అంటే పన్నెండు వేళ్లు. మొదటి పది నిమిషాల్లో నీళ్లు రెండు వేళ్లు పెరిగాయి. తర్వాతి పది నిమిషాల్లో మూడు. వేగం ఇలాగే హెచ్చితే ఇంకో ఇరవై నిమిషాల లోపే ఫ్లోర్ అందుకుంటాయి. ఆపైన ప్రవాహం బండిని పక్కకు దొర్లిస్తుంది.

రాజమౌళి వచ్చి గొలుసు పట్టుకున్నాడు. "ముగ్గురం గుంజుదాం పా."

"వద్దు" అన్నాను. "ఒక్క మనిషి గుంజితే రాలేదంటే బరువు బ్లాక్‌కు మించింది. రెండో చెయ్యి పడితే కొక్కెం విచ్చుకుంటది, లేదంటే గొలుసు తెగుతది. తెగితే మొహాలు ఉండయ్."

"నీ రూల్ నా జీపును తింటదే! రేపు పొద్దుగాల జనం రోడ్డు మీద నిలబడతరు. ఏం జెప్పాలె నేను? మా ఎంకన్న లెక్క చేస్తుండు, ఆగున్రి అని చెప్పాలెనా?"

అతను నన్ను నెట్టాడు. నేను గొలుసు వదల్లేదు. అంత కోపంగా అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. సలీం మధ్యలోకి వచ్చి ఆపాడు.

అప్పుడు ఒడ్డు మీంచి మాట వినిపించింది. "బర్రె దిగబడితే గూడ గిట్లనే కొట్లాడుకుంటరా?" తన బర్రెలను వెతుక్కుంటూ వచ్చిన పెద్దాయన, భుజాన గొడ్డలి. పేరు సోమయ్య అని తర్వాత చెప్పాడు. పక్క కోయగూడెం వాడు.

"తాతా, జర మనుషులను పిలుస్తవా? నూకాలె" అన్నాడు రాజమౌళి.

"మనుషులెందుకు? బర్రె దిగబడితే తాడేసి గుంజితే కాలు ఊడొస్తది గాని బర్రె రాదు. కాలు కింద బురద నోరు మూసుకొని పట్టుకుంటది. ముందు గాలియ్యాలె, ఒక్కో కాలుకు. మీ బండికి కాళ్ళెన్ని?"

"నాలుగు."

"మరి నాలుగూ ఒక్కసారే గుంజుతుండ్రు."

ఆయన రెండు వెదురు కర్రలు నరికాడు. ఒకటి ముందు చక్రం పక్కన నిలువునా బురదలోకి దింపి, అటూ ఇటూ ఊపి, తీసి, ఆ బొక్కలో నీళ్లు పొయ్యమన్నాడు. సలీం డబ్బాతో పోశాడు. మళ్ళీ దింపి, చక్రం కిందికి ఏటవాలుగా ఊపాడు. కాసేపటికి గుబుక్కుమని శబ్దం వచ్చింది, బుడగలు పైకి తేలాయి. "ఊపిరి తీసింది" అన్నాడు సోమయ్య.

రెండో కర్ర రాజమౌళి అందుకున్నాడు. నేను పారతో చక్రాల ముందు పోగైన బురద తోశాను. నాలుగు చక్రాలయ్యాక పొట్ట కింద కూడా రెండు వైపులా పొడిచాం. పుల్ల చూస్తే ఫ్లోర్‌కు ఒక్క వేలు మిగిలింది.

గొలుసు దగ్గరికి వెళ్లి చెయ్యి వేశాను. అదే బ్లాక్, అదే చెట్టు, అదే జీపు. గొలుసు నా చేతుల్లోకి బావిలో చేద తాడులా వచ్చింది. ఇరవై కిలోల లాగుడు కూడా లేదు. బురద పట్టు వదిలాక నా ఆరు వందల యాభై సరిపోయింది! నేను లాగుతూనే నవ్వాను. రాజమౌళి స్టీరింగ్ పట్టుకొని ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. మొహమంతా బురదే.

బండి ఒడ్డెక్కిన కాసేపటికే నీళ్లు అది కూర్చున్న గుంతను కప్పేశాయి. రాజమౌళి నా దగ్గరికి వచ్చి, "గుంజనియ్యక మంచిగ చేసినవ్" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ వారం నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంటి వెనక బురద కలిపి, ఇనుప ముక్కలతో నాలుగు కిలోలు చేసిన బకెట్‌ను అందులో నొక్కి, స్ప్రింగ్ కాటాతో లాగి చూశాను. ఒకసారి తొమ్మిది కిలోలకు వచ్చింది. ఒకసారి పద్నాలుగుకు. రాత్రంతా ఉంచితే ఇరవై దాటింది. పక్కన పుల్ల గుచ్చి లాగితే ఐదుకే వచ్చింది. పదకొండు సార్లు చేశాను. ఏ రెండు అంకెలూ కలవలేదు. మా ఆవిడ, "గా బకెట్ నాకెప్పుడిస్తవ్?" అని అడిగింది.

నెల తిరగకముందే పనిలో పాత పంపు ఒకటి ఎత్తాల్సి వచ్చింది. వానకు యార్డులో సగం కూరుకుపోయి ఉంది. కుర్ర ఇంజనీరు డ్రాయింగ్ చూపించి, "మూడున్నర టన్నులు. క్రేన్ ఇక్కణ్ణుంచి ఐదు ఎత్తుతుంది. కానివ్వండి" అన్నాడు. అంతకుముందైతే నేనూ కానిచ్చేవాణ్ణే.

"సార్, ఇది ఎన్నాళ్ల సంది గీడ కూసున్నది?"

"దానికీ బరువుకూ ఏం సంబంధం?"

గడ్డపారలు తెప్పించాను. చుట్టూ పొడిపించి నీళ్లు పోయించాను. గంట పట్టింది. ఇంజనీరు గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. క్రేన్‌తో ముందు ఒక పక్కే మెల్లగా లేపించాను. గుబుక్కుమంది. అప్పుడు పూర్తిగా ఎత్తించాను.

అతను దగ్గరికి వచ్చి అడిగాడు. "ఊరికే ఎత్తితే ఎంత బరువు పడేదంటారు?"

"తెల్వదు సార్" అన్నాను. ఆ పనిలో ఒక బరువు గురించి నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.

నా జేబు పుస్తకంలో బరువుల పట్టికకు ఆ రోజు ఇంకో గడి కలిపాను. వస్తువు పేరు, బరువు, తర్వాత దేని మీద కూర్చుంది అనేది. కాంక్రీటు, చెక్క, ఇసుక, వీటన్నిటికీ ఎదురుగా ఎంత కలపాలో అంకెలున్నాయి. బురదకు ఎదురుగా మాత్రం అంకె లేదు. "అక్కడి మనిషిని అడగాలి" అని రాసి ఉంది.