అమీర్‌పేటకు బంజారా హిల్స్‌ను తెచ్చిన లెన్సు

ముందుగా ప్రమాణం. నేను ఇక్కడ రాయబోయేదాంట్లో ప్రతి ముక్కా నిజం. మా ఇలవేల్పు మీద ఒట్టు. అది చాలదంటే రోజూ పొద్దున్నే తినే ఉల్లి పెసరట్టు మీద ఒట్టు. (మా ఇంట్లోవాళ్లు మొదటి ఒట్టును పట్టించుకోరు. రెండోది వేస్తే మాత్రం కాస్త ఆగి, నా మొహంలోకి చూస్తారు.)

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఒక మనిషి ఏ పనీ లేకుండా నడిచిపోవడం సాధ్యమయ్యేది కాదు. చౌరస్తా దాటేలోపు చేతిలో పది కరపత్రాలు పడేవి, ఒక్కొక్కటీ ఒక్కో కంప్యూటరు కోర్సుది. మేడలకు గోడలుండేవో లేదో చెప్పలేను, బోర్డులు మాత్రం ఉండేవి. శని, ఆదివారాల్లో అయితే డెమోలు. ఒక పాఠం ఉచితంగా చెబుతారు, నచ్చితే ఫీజు కట్టి చేరాలి. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల కుర్రాళ్లు ఇడ్లీ తిని ఒక డెమో, టీ తాగి ఇంకో డెమో వినేవారు. అలా డెమోలు విని విని, పైసా కట్టకుండా కోర్సు మొత్తం పూర్తి చేసి ఉద్యోగం కొట్టినవాడు కూడా ఉన్నాడు. (వాణ్ణి నేను చూడలేదు. అయినా పై ఒట్టు వాడికీ వర్తిస్తుంది.) అంతటి పుణ్యక్షేత్రానికి కూతవేటు దూరంలో ఉంటూ, చేతిలో డిగ్రీ ఉండి కూడా కంప్యూటరు ముట్టని పాపిని నేనొక్కణ్ణే.

నేనుండేది పంజాగుట్టలో, మా బాబాయి ఫొటో స్టూడియోలో. ఇల్లు దాని వెనకే. బాబాయి అంటే మా పిన్ని భర్త. ఆయన దగ్గర ఒక పాతకాలపు పెద్ద కెమెరా ఉండేది. మూడు కాళ్ల మీద నిలబెట్టి, ముందు లెన్సు, వెనక గరుకు అద్దం, మధ్యలో హార్మోనియంలా మడతలు పడే తోలు సంచి, వెనక నిలబడ్డవాడి తల మీద నల్లగుడ్డ. ఆ గరుకు అద్దంలో లోకమంతా తలకిందులుగా కనిపించేది. నాకు పంజాగుట్ట ట్రాఫిక్కు అర్థమైంది అందులో చూసినప్పుడే. ఆ నల్లగుడ్డ కింద తలపెట్టి, నా అంతట నేను ఒక్క ఫొటో తీయాలని నా కోరిక. బాబాయి మాత్రం నన్ను పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే కత్తెర దాటి ముందుకు రానిచ్చేవాడు కాదు. అటు పిన్నేమో రోజూ అన్నం వడ్డిస్తూ, "ఊరంతా కోర్సుల్లో చేరుతుంటే వీడికి కత్తెరేంటండీ? రేపు పిల్లనెవరిస్తారు?" అనేది, నాకు కాదు, పప్పుగిన్నెకు చెబుతున్నట్టు.

అలాంటి సమయంలో మా స్టూడియోకి జావా అన్న వచ్చాడు. అమీర్‌పేటలో టిఫిన్ సెంటరు పైన మూడో అంతస్తులో జావా నేర్పేవాడు కాబట్టి ఆ పేరు. ఆయనకు తన మేడ ఫొటో కావాలి, గోడంత హోర్డింగు చేసినా చెదరకూడదు.

"మేడ ఒక్కటే కాదన్నా," అన్నాడు బాబాయితో. "ఎనక బంజారా హిల్స్ గుట్ట కనవడాలె. గుట్ట మీద బంగ్లలు కనవడాలె. చూసినోడు ఏమనుకోవాలె? గీ మెట్లెక్కి కోర్సు చేస్తే, సీద గా బంగ్లలనే దిగుతం అనుకోవాలె. సమజైందా?"

"గుట్ట ఎక్కడో ఉంది కదండీ," అన్నాడు బాబాయి.

"అందుకే కదన్నా నీ దగ్గరికొచ్చింది! దగ్గరుంటే నా మరదలు తీస్తుండె."

బాబాయి గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. మామూలు కెమెరాను పైకెత్తి తీస్తే మేడ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. మా పెద్ద కెమెరాకైతే లెన్సు బిగించే ముందు పలక ఒక్కదాన్నే పైకి జరపొచ్చు, మేడ పెళ్లికొడుకులా నిటారుగా నిలబడుతుంది. ఇక గుట్టను దగ్గరకు లాగాలంటే, బాగా దూరం పోయి పొడుగు లెన్సుతో తీయాలి. అప్పుడు ముందున్నదీ వెనకున్నదీ ఒకదాన్నొకటి అంటుకున్నట్టు కనిపిస్తాయి. మా దగ్గర అంత పొడుగు లెన్సు లేదు. "పోయి ఒకటి పట్రారా," అని నాకు పురమాయించాడు. నేను మెల్లగా, "ఫొటో కుదిరితే నన్ను స్టూడియోలోనే ఉంచుతావా బాబాయ్?" అన్నాను. ఆయన వంటింటి వైపు చూశాడు. వంటింట్లోంచి పిన్ని, "కుదిరితే వాడు మీ దగ్గరే ఉంటాడు. కుదరకపోతే సోమవారం నుంచి జావా," అంది. అలా నా జన్మంతా ఒక లెన్సు మీద ఆధారపడింది.

పాత లెన్సులు అమ్మే ట్రంకుపెట్టె చాచా కొట్టు పంజాగుట్టలోనే ఒక సందులో ఉండేది. చాచా పెట్టె మూత తీసే తీరు చూస్తే లోపల నెమలి కూర్చుందనుకుంటాం. రెండు లెన్సులు తీసి గుడ్డ మీద పెట్టాడు. ఒకటి చిన్నది, నా పిడికిలిలో పట్టేది. రెండోది ఇత్తడిది, మా అమ్మమ్మ ఇంట్లో మరచెంబంత. రెండూ ఒకటే పని చేస్తాయని చాచా చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది.

"గీ పెద్దది చూడు బేటా. గిది నవాబ్ సాబ్‌ది. ఆయన ఇంట్ల కూసొని గోల్కొండ మీద వాలిన పావురాన్ని ఫొటో దించిండు. పావురం కండ్లకు సుర్మా సుత కనవడ్డది."

"పావురానికి ఆ కాటుక ఎవరు పెట్టారు చాచా?"

"నవాబుల పావురం బేటా. ఊకె ఉంటదా?"

పెళ్లిచూపుల్లో ఒడ్డూ పొడుగూ చూసి మురిసిపోయే మేనత్తలా నేను రెండింటినీ చేతుల్లో ఎత్తి చూశాను. పొడుగు లెన్సు తెమ్మన్నప్పుడు పొట్టిదాన్ని తీసుకెళితే బాబాయి ఏమంటాడు? మరచెంబును చంకనెత్తుకుని, గర్వంగా ఇల్లు చేరాను. అది శనివారం సాయంత్రం.

ఆదివారం పొద్దున్నే ఎస్.ఆర్. నగర్ వైపు, మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కెమెరా నిలబెట్టాం. అక్కణ్ణుంచి రోడ్డు, రోడ్డు చివర జావా అన్న మేడ, దాని వెనక ఎక్కడో దూరంగా గుట్ట. బాబాయి నల్లగుడ్డలోకి దూరాడు. తోలు సంచిని లాగాడు, ఇంకా లాగాడు, మడతలన్నీ విడిపోయి అది కీచుమంది. గరుకు అద్దంలో మాత్రం పాలలో ముంచిన బ్రెడ్డు ముక్క తప్ప ఏమీ కనిపించలేదు. బాబాయి గుడ్డలోంచి బయటికొచ్చి మరచెంబును చూశాడు, నన్ను చూశాడు.

"ఒరేయ్, దీనికి సంచి రెండడుగులు సాగాలిరా. మనది అడుగున్నరే. ఇలాంటిదే చిన్నది లేదన్నాడా? దానికైతే సగం సాగితే చాలు!"

"ఉందన్నాడు. కానీ అది పొట్టిగా ఉంది బాబాయ్."

"నువ్వు పొడుగ్గా ఉన్నావు కదరా, ఏం ఉపయోగం?"

చాచా ఆదివారం కొట్టు తెరవడు. రోడ్డు చివర నాకు సోమవారం కనిపిస్తోంది, జావా పుస్తకం పట్టుకుని. ఆ భయంలో బుర్ర పనిచేసింది. పక్క టిఫిన్ సెంటరుకు పరిగెత్తి ఒక నలుచదరపు నూనె డబ్బా అడిగి తెచ్చాను. రెండు వైపులా రేకు కోయించి, లోపల పెనం మసి పూసి, ఒక చివర లెన్సు బిగించి, రెండో చివరను కెమెరా ముందు పలకకు ప్లాస్టరు చుట్టి అతికించాం. తక్కువపడిన పొడుగు అలా సరిపోయింది. కానీ మరచెంబు బరువుకు డబ్బా కిందికి వాలిపోతోంది. గత్యంతరం లేక బాబాయి ముందుకెళ్లి, పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ ఉన్న ఆ నూనె డబ్బాను రెండు చేతులా కౌగిలించుకుని నిలబడ్డాడు. అంటే నల్లగుడ్డ కింద తలపెట్టాల్సింది ఎవరు? నేనే! (అప్పుడే ఎదురుగా ఒక బస్సు ఆగి, కండక్టరు మా బాబాయి మొహంలోకే చూస్తూ, "ఎర్రగడ్డ, ఎర్రగడ్డ" అని పిలిచాడు. పిచ్చాసుపత్రి ఉన్నది ఎర్రగడ్డలోనే, కానీ ఆ బస్సు వెళ్లేదీ అటే. బాబాయి మాత్రం ఇప్పటికీ నమ్మడు.)

గుడ్డలోకి దూరి, సరిచేసి చూస్తే, అబ్బ! తలకిందులుగానే అయినా, జావా అన్న మేడ నెత్తిన గుట్ట తలపాగాలా కూర్చుంది. బంగళాల కిటికీలు కూడా తెలుస్తున్నాయి. ఆనందంతో కేక పెట్టబోతుంటే అద్దం అంతా చొక్కాలతో నిండిపోయింది. బయటికొచ్చి చూద్దును కదా, కెమెరా ముందు కుర్రాళ్ల గుంపు.

"ఏం కోర్సన్నా ఇది?"

"కోర్సు కాదు బాబూ, ఫొటో. జరగండి," అన్నాడు బాబాయి, డబ్బా వదలకుండా.

"చెప్తలేడురా. కొత్త కోర్సే అయ్యుంటది."

"మరి ఆ నూనె డబ్బా ఏంట్రా?"

"హార్డ్‌వేర్."

"నల్లగుడ్డ కింద?"

"కనవడుతలేదంటే సాఫ్ట్‌వేరే కదరా!"

"డెమో ఎప్పుడన్నా? ఫీజెంత? మాది బి.కామ్, పనికొస్తదా?"

జరగమంటే ఇంకా దగ్గరకొస్తున్నారు. ఎండ ముదురుతోంది, బాబాయి చేతుల్లోంచి డబ్బా జారుతోంది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది: "డెమో ఇక్కడ కాదు తమ్ముళ్లూ. అదిగో, ఆ మేడ మూడో అంతస్తు. ఇంకాసేపట్లో మొదలు."

అంతే. గుంపంతా కదిలింది. వాళ్లను చూసి టీ కొట్టు దగ్గరున్నవాళ్లు, వాళ్లను చూసి బస్టాపులో వాళ్లు. రోడ్డు పొడుగునా అక్కడొకరు, ఇక్కడొకరుగా అందరూ మేడ వైపే నడుస్తున్నారు. మళ్లీ గుడ్డలో దూరి చూశాను. దూరం దూరంగా నడుస్తున్న ముప్పై మందినీ ఆ లెన్సు ఒక్కచోటికి లాగి, భుజం భుజం రాసుకునే జనసముద్రం చేసి పెట్టింది. ఫిల్ము పెట్టి, "బాబాయ్, ఇప్పుడు!" అన్నాను. ఆయన డబ్బాను ఒక చేతికి మార్చుకుని, ఫిల్ము పెట్టేముందు లెన్సుకు మూతగా పెట్టిన స్టీలు గిన్నె తీసి, "శ్రీరామ" అనుకుని, మళ్లీ పెట్టాడు. ఆ 'శ్రీరామ' లోపల జనం ఒక అడుగు వేశారు కాబట్టి, ఒక్కొక్కరూ ఇద్దరిద్దరుగా పడ్డారు.

ఫొటో చూసి జావా అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తమ్మీ, గింత మంది యాడికెల్లి వచ్చిండ్రు? నేను లోపల డెమో చెప్తుంటే ముప్పై మందే కూసున్నరు!" "మిగతావాళ్లను లెన్సు తెచ్చిందన్నా," అన్నాను. హోర్డింగు లేచింది. బాబాయి నా భుజం తట్టి, నల్లగుడ్డ నా చేతిలో పెట్టాడు. నేను గెలిచాను.

ఆ గెలుపు తర్వాతి ఆదివారం దాకా నిలిచింది. ఆ రోజు పిన్ని కూరగాయలకని అటు వెళ్లి హోర్డింగు చూసింది. సంచి గుమ్మంలో పడేసి, "చూశారా అంతమందిని! గుట్టదాకా ఉన్నారు! లోకమంతా చేరుతుంటే మన వాడొక్కడు వెనకబడిపోవాలా?" అని కళ్లొత్తుకుంది. ఆ ఫొటో తీసింది నేనే పిన్నీ, వాళ్లను పంపింది నేనే అని మొత్తుకున్నా వినలేదు. మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మూడో అంతస్తు ఎక్కించింది. అలా నేను నా ఫొటోకే బలైపోయాను.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉండేది, కానీ పెసరట్టు మీద వేసిన ఒట్టు ఊరుకోదు. ఇందులో ఒకటి నేను కల్పించాను. మీరు నూనె డబ్బా అనుకుంటున్నారేమో, అది అక్షరాలా నిజం. గుంపు నిజం. సుర్మా పెట్టుకున్న పావురం చాచాది, ఆ పాపం నాది కాదు. కల్పించింది పిన్నినే. ఆవిడ ఆ హోర్డింగు చూసి ఏడవలేదు, పడీ పడీ నవ్వింది. "నా మాట వెనక్కి తీసుకున్నాను, నువ్వు కెమెరా దగ్గరే ఉండరా," అని కూడా అంది. చెయ్యి పట్టుకుని నన్నెవరూ తీసుకెళ్లలేదు.

ఆ హోర్డింగు కింద నుంచి రోజూ వెళ్లేవాణ్ణి నేను. గుట్ట అక్కడ లేదని నాకు తెలుసు. జనం ముప్పై మందేనని, వాళ్లను పంపింది నేనేనని తెలుసు. అయినా అంత పెద్ద బొమ్మలో అంతమంది అటే నడుస్తుంటే, అందులో నేనొక్కణ్ణే లేనని ఏదో దిగులు పట్టుకుంది. ఒక సోమవారం నల్లగుడ్డ మడతపెట్టి బాబాయి బల్ల మీద ఉంచి, నా కాళ్లతో నేనే నడుచుకుంటూ వెళ్లాను. ఆ తర్వాత నా జుట్టంతా కంప్యూటర్ల ముందే రాలింది. బంగళా మాత్రం రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆ కుర్రాడి మీద, అంటే అప్పటి నా మీద, కోపం రాదు, నవ్వే వస్తుంది. ఎందుకంటే ఆ రోజు మెట్ల మీద నా ముందున్న అబ్బాయి అనుమానంగా వెనక్కి తిరిగి, "అన్నా, గీ కోర్సు నిజంగ మంచిదేనా?" అని అడిగితే, వాడికి నేనిచ్చిన జవాబు ఇంకా గుర్తుంది.

"అదేంటి తమ్ముడూ," అన్నాను, ఎంతో నమ్మకంగా. "నువ్వు ఫొటో చూడలేదా?"