చెంగమ్మత్త చేతిలో నా జుట్టు

మా కోడలు నిన్న ఇనుప మూకుడులో గోరింటాకు ముద్ద నానబెట్టింది. ఈ పొద్దున మూత తీయగానే పచ్చి ఆకు, తుప్పు, పులిసిన మజ్జిగ కలిసిన వాసన వంటింటి దాకా వచ్చింది. నాకు తెలియకుండానే నా చెయ్యి కొప్పు మీదికి పోయింది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ భయమూ నవ్వూ ఒకేసారి వస్తాయి. ఎందుకంటే పందొమ్మిదేళ్ల వయసులో కొన్నాళ్లు నా జుట్టు నీలంగా ఉండేది. నెమలి కంఠంలా ఉండేదని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది గానీ, నిజానికి చాకలివాళ్లు బట్టలకు పెట్టే నీలం రంగులో ఉండేది. ఆ గండం నుంచి నన్ను గట్టెక్కించిన మనిషి చెంగమ్మత్త. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి నేనే చెప్పాలి.

గుడియాత్తంలో మాది ఆమె పక్కిల్లు. చుట్టరికం లేదు, వరస కలిపి అత్తా అనేదాన్ని. వాళ్లది నేతగాళ్ల నూలుకు రంగులు వేసే ఇల్లు. భర్త పోయాక తొట్లు ఆమే చూసుకునేది. రెండు చేతులూ మోచేతుల దాకా నీలం. పేరంటంలో ఎవరైనా ఆ చేతికి గంధం పూస్తే అది ఆకుపచ్చగా కనిపించేది. నూలు చిలప, అంటే పోగుల కట్ట, చేతికిస్తే కళ్లు మూసుకుని, ఒక పోగును రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇరవై నెంబరు", "నలభై నెంబరు" అని చెప్పేది. నెంబరు పెరిగేకొద్దీ పోగు సన్నమన్నమాట. చిక్కేమిటంటే, జుట్టు చూసినా ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. ఒక పెళ్లిలో పెళ్లికూతురి జడ పట్టుకుని "నలభై" అని మెచ్చుకుని, ఆ చేత్తోనే వియ్యపురాలి కొప్పు తడిమి "పది, గోనెసంచి" అనేసింది. ఆ రెండిళ్లవాళ్లూ ఆమెతో మాట్లాడటం మానేశారు. కానీ తల నెరిసేసరికి ఆ రెండిళ్ల ఆడవాళ్లూ శనివారం పూట దొడ్డి గుమ్మంలోంచి ఆమెతో తలకు రంగు పెట్టించుకోవడానికి వచ్చారు.

నాది బాలనెరుపు. పద్దెనిమిదేళ్లకే ముప్పాతిక తల తెల్లబడింది. నాన్న పోయాక ఆయన కళ్లజోడు నాకు సరిగ్గా సరిపోయింది, ఆయన గంభీరమైన ముఖం పుట్టుకతోనే వచ్చింది. వేలూరులో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు పంతులమ్మ కావాలంటే, అవ్వ చీరొకటి కట్టుకుని వెళ్లాను. ఆ బడి మేనేజరు నాయుడుగారికి వయసులో ఉన్న పంతులమ్మలంటే హడలు. చేరిన మూడు నెలలకే పెళ్లి చేసుకుని వెళ్లిపోతారని ఆయన బాధ. నా తల వైపు చూసి ఊపిరి పీల్చుకున్నారు.

"బిడ్డలు యాడుండారమ్మా?" అన్నారు.

"లేరండి" అన్నాను. అది నిజమే కదా.

ఆయన ముఖం దిగులుగా అయిపోయింది. "దేవుడు అందరికీ అన్నీ ఇయ్యడు" అని, సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ ఉద్యోగం మా అమ్మకూ నాకూ అన్నం. అందుకే నేను కూడా వయసు ఊసెత్తలేదు.

ఏడాది గడిచింది. పిల్లలు నన్ను అవ్వ టీచరమ్మ అనేవారు. ఓర్చుకున్నాను. కాట్పాడి స్టేషనులో మా నాన్నకంటే పెద్దాయన ఒకడు "అవ్వా, కొంచం జరుగు" అన్నప్పుడు మాత్రం గుడియాత్తం దాకా రైల్లో ఏడుస్తూనే వచ్చాను. అవి ఎండాకాలం సెలవులు. నా ఈడు స్నేహితురాలి పెళ్లి దగ్గర పడుతోంది. ఆ పెళ్లికి నల్లటి జడతో వెళ్లాలని నిశ్చయించుకున్నాను. చెంగమ్మత్తను అడిగితే ఉద్యోగం గుర్తుచేసి తిడుతుంది. అయితే ఆమె నోటి నుంచి చిన్నప్పటి నుంచీ విన్న మాట ఒకటుంది: "నూలైనా వెంట్రుకైనా ఒగటే మే." ఆమె సంతకు వెళ్లిన పూట పిట్టగోడ దాటి, నూలు ముంచే నీలిమందు తొట్టిలో తల ముంచాను. ఒకసారికి తృప్తి లేక మూడుసార్లు ముంచి, ఎండలో ఆరబెట్టుకున్నాను.

ఆ తొట్టిలో నీలిమందుతో పాటు సున్నం ఉంటుంది. సాయంత్రానికి నా జుట్టు నీలంగా, కొబ్బరి పీచులా బిగుసుకుపోయింది. దువ్వెన పెడితే దువ్వెనతో పాటే వచ్చేస్తోంది. అమ్మ గుండెలు బాదుకుంటూ చెంగమ్మత్తను పిలుచుకొచ్చింది. ఆమె కళ్లు మూసుకుని ఒక పోగు పట్టుకుంది. నెంబరు చెప్పే బదులు ఆ వేళ్లు వాసన చూసుకుంది.

"సున్నంలో ముంచి వెంట్రుకలు రాల్చేది తోలు కార్ఖానాలో మే. ఆడ గొర్రెతోలుకు చేస్తారు ఆ పని. నీకెవురు చెప్పినారు?"

"నువ్వే గదా అత్తా. నూలైనా వెంట్రుకైనా ఒకటే అంటావు."

ఆమె అరుగు మీద కూలబడింది. గొంతు తగ్గించి, "తప్పు నాదే. నూలు చెట్టుది, సున్నాన్ని తట్టుకుంటాది. వెంట్రుక జీవం నుంచి వచ్చింది, తట్టుకోదు. సగం మాట చెప్పినాను" అంది. అంత పెద్ద మనిషి అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మాటకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి నా తల ఆమెది. ముందు పులిసిన మజ్జిగతో నాలుగుసార్లు తడిపి సున్నం విరిచింది. మా బావి నీళ్లు ఉప్పన అని ఏటి చెలమ నీళ్లు మోయించింది. వేణ్ణీళ్లు కూడదంది. తడి తలకు దువ్వెన తాకించడానికి లేదు. పిండకూడదు, పాత మెత్తటి పంచెతో అద్దుకోవాలి. ఎండ తగలకూడదు, నీడలో ఆరాలి. శీకాయ మాట మరచిపోయి మందారాకు నురగతో, బియ్యం కడుగుతో సరిపెట్టుకోవాలి. ముందురోజు నువ్వులనూనె పట్టించకుండా తలకు నీళ్లు పోసుకుంటే చెయ్యి విరగ్గొడతానంది. నేను కొప్పు బిగించి ముడిస్తే విప్పేసి, "ఉరేస్తా ఉండావా దానికి? వదులుగా ఉండనీ" అనేది. స్నేహితురాలి పెళ్లి జరుగుతుంటే నేను మందారాకు జిగురు నెత్తిన పెట్టుకుని పెరట్లో కూర్చున్నాను. మేళం మాత్రం బాగా వినిపించింది.

జుట్టు మెత్తబడింది గానీ నీలం పోలేదు. బడి తెరిచే రోజు దగ్గరికొచ్చింది.

"అత్తా, మళ్లీ తెల్లగా చెయ్యి" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఊరంతా తెల్లది నల్లగా చెయ్యమని వస్తారు. రంగున్నది తెల్లగా చెయ్యమన్న పిచ్చిదానివి నువ్వొకతెవే. రంగు దించాలంటే పోగు చస్తాది మే. ఇంగ ఒకే దోవ. గోరింటాకు పెడితే ఈ నీలం నలుపవుతాది. నెత్తిన ఉండేది కావాల్నా, తెల్లది కావాల్నా చెప్పు."

నెత్తిన ఉండేదే కావాలన్నాను. ఇదిగో ఈ వాసనే, ఆ మధ్యాహ్నమంతా.

బడి తెరిచిన రోజు నాయుడుగారు నా తల చూసి, తలుపు చూసి, మళ్లీ నా తల చూశారు.

"నీ వయసెంతమ్మా?"

"పందొమ్మిదండి."

"మరి పోయినేడు?"

"పద్దెనిమిదండి."

"బిడ్డల్లేరంటివే. మా ఇంటామె నీకోసరం ఏడాదిగా గుళ్లో దీపం పెడతా ఉండాది" అన్నారు నీరసంగా. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు. అప్పుడు చూశాను, కాటుకలాంటి ఆయన మీసం కింద తోలు ఎర్రగా వాచి, పొక్కి ఉంది. బజారు సీసా రంగు పని అది. "ఇంత మెత్తగా... ఎవురు పెట్టినారమ్మా? మీసానికి గూడా పెడతారా?" అన్నారు.

ఆదివారం ఆయన గుడియాత్తం వచ్చారు. చెంగమ్మత్త కళ్లు మూసుకుని ఆ మీసం కొస నలిపి, "పది. అదీ కాలిపోయినాది" అంది. పుండు మానేదాకా రంగు లేదు, నూనె రాసుకోమని పంపేసింది. నా సంగతి తేల్చకుండానే ఆయన వెళ్లిపోయారు. నెలన్నర బడికి వెళ్లానన్న మాటేగానీ ఏ రోజు పొమ్మంటారోనని అన్నం సయించలేదు. మళ్లీ వచ్చినప్పుడు ఆమె మీసానికి ముద్ద దట్టంగా పట్టించి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నోరు తెరవొద్దు నాయనా, పండ్లకంటుకుంటాది. అడిగినదానికి తల ఊపు చాలు. అడ్డంగా మాత్రం ఊపొద్దు, రంగు చెంపల మీదికి పోతాది. నిలువుగా ఊపు."

నాయుడుగారు నిలువుగా ఊపారు.

"ఈ పిల్ల చెప్పే పాఠం మంచిదేనా?"

ఊపారు.

"పనిలో ఉండనిస్తావు గదా?"

ఆయన కళ్లు నావైపు తిరిగాయి. ముద్ద కింద పెదవి కదిలింది. నెమ్మదిగా, నిలువుగానే ఊపారు. కడుక్కున్న తర్వాత అద్దంలో చూసుకుని, "మూతి కట్టేసి అడిగితివి" అన్నారు ఆమెతో. తర్వాత నాతో, "అయినా అది నా మాటే లేమ్మా. కిటికీ అవతల నిలబడి నీ పాఠం ఏడాదిగా వింటానే ఉండాను" అన్నారు. ఆ బడిలోనే నేను ముప్పై రెండేళ్లు పనిచేశాను.

చెంగమ్మత్త తల మాత్రం ఎప్పుడూ తెల్లగానే ఉండేది. ఎందుకు రంగు వేసుకోవని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "నాకెవురుండారు వేసేదానికి? చేతులు వెనక్కి అందవు" అంది మామూలుగా. ఊళ్లో అందరి తలలూ ఆమె చేతి మీదుగా నల్లబడ్డాయి. ఆమె తల ఒక్కరమూ తాకలేదు. నాకు సిగ్గేసింది. ఆ శనివారమే ఆకు నూరి ఆమె వెనక కూర్చున్నాను. ముద్ద పెట్టబోతుంటే, "ముందు నెంబరు చెప్పు" అంది.

"అరవై" అన్నాను.

"అబద్ధం. మనిషిని చూసి చెప్తా ఉండావు. కండ్లు మూసుకో మే. కండ్లు తెరిస్తే ఎవురిదో కనిపిస్తాది, పోగు కనిపించదు."

కళ్లు మూసుకుని పట్టుకున్నాను. ముతక. "పన్నెండు" అన్నాను.

"అద్దీ" అంటూ ఆమె భుజాలు కదిలేలా నవ్వింది. వియ్యపురాలి కొప్పుకు చెప్పిన నెంబరు కంటే తనది రెండే ఎక్కువని ఆమెకు ఎప్పటినుంచో తెలుసన్నమాట.

కోడలు మూకుడు పట్టుకొచ్చి నా ముందు వీపు తిప్పి కూర్చుంది. "అత్తయ్యా, ఇంకా మొదలుపెట్టరేం?" అంటోంది. ఉండమ్మా. కళ్లు మూసుకోవాలి.