తలుపత్త చూడని ఆఖరి సీను

“షాక్ కొడితే?”

మేనకోడలు అడిగిన ప్రశ్నకి తలుపత్త చేతిలో కత్తెర ఆగిపోయింది.

“నువ్వు బళ్ళో పిల్లలకి కరెంటు పాఠం చెప్తావటగా? ఈ మాట వాళ్ళెవరూ వినలేదు కదా?”

“అది తీగల్లో కరెంటు అత్తా. ఇది నీ వెన్నులో.”

“వెన్నులో కాదే, ఇంకాస్త కిందకి. చెప్పుకోడానికి బాగోదని డాక్టరుగారు వెన్ను అన్నారు.”

తలుపత్తకి ఉన్నది ఒకటే అలవాటు. ఎక్కడికెళ్ళినా తలుపు పక్కనే కూర్చుంటుంది. సభలో, ఆస్పత్రిలో, చుట్టాలింట్లో, ఆఖరికి సొంత ఇంట్లో కూడా. అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. మూత్రం వస్తోందని తెలిసేసరికే పరుగెత్తాలి, అదీ ఆవిడ జబ్బు. పాత బట్టలు సరిచేసే దుకాణానికి గది వెతికినప్పుడు అందరూ వీధి చూస్తారు, ఆవిడ వెనక గుమ్మం చూసింది. ముందంతా దుమ్ము, పక్కన రోజంతా ఇనుము కొట్టే చప్పుడు. వెనక మాత్రం బాత్రూం. “అబ్బ, ఎంత బాగుందో!” అని అక్కడికక్కడే తాళంచెవి తీసుకుంది.

బస్సెక్కితే డ్రైవరు వెనక సీటే. కాస్త దూరం పోగానే “బాబూ, ఒక్క నిమిషం ఆపవూ” అనేది. బస్సంతా విసుక్కునేది. ఆవిడ దిగేది. ఆ విసుక్కున్నవాళ్ళంతా ఆవిడ వెనకాలే బిలబిలా దిగేవాళ్ళు. “మీకు కాదమ్మా, బస్సుకే వచ్చినట్టుంది” అన్నాడోసారి డ్రైవరు, తనూ దిగుతూ.

అన్నింటికీ నవ్వేసేది కానీ సినిమా దగ్గర మాత్రం ఆవిడ మొహం చిన్నబోయేది. సినిమాలంటే ప్రాణం. చివరిదాకా చూసింది ఒక్కటీ లేదు. ఆట అయిపోగానే జనమంతా బాత్రూం మీద పడతారు, ఆ వరసలో నిలబడటం తన వల్ల కాదు. అందుకని కథ ముడి విప్పే వేళకి లేచి బయటికొచ్చేసేది. పని చూసుకుని, మూసిన తలుపుకి చెవి ఆనించి లోపలి చప్పట్లు వింటూ నిలబడేది. చిన్నప్పుడు మేనకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ చప్పట్లు ఎన్నిసార్లు విన్నదో. పండగ పక్కింట్లో జరుగుతున్నట్టుండేది.

మావయ్య బయటికి రాగానే, “ఏమైందండీ చివరికి?” అని మీద పడేది.

“అందరూ పెళ్ళిళ్ళు చేసుకున్నారు.”

“హంతకుడు కూడానా?”

“ముందు వాడిదే అయింది.”

మందులు వాడింది. టీ, కాఫీ మానేసింది. ఏదీ లాభం లేకపోయింది. అప్పుడు డాక్టరు ఈ సంగతి చెప్పాడు. మూత్రాశయం కాస్త నిండగానే ‘నిండిపోయింది బాబోయ్’ అని కేకలు పెట్టే నరాల పక్కన సన్నటి తీగ పెడతారు. పిర్ర పైభాగాన చర్మం కింద బుల్లి యంత్రం. అది సన్నటి కరెంటుతో, చంటిదాన్ని జోకొట్టినట్టు ఆ నరాల్ని తడుతూ ఉంటుంది. ముందు యంత్రాన్ని బయట నడుముకి కట్టి కొన్నాళ్ళు చూస్తారు. ఫలితం ఉంటేనే లోపల పెడతారు.

ఇదంతా మేనకోడలే అత్తకి బొమ్మ గీసి వివరించింది. వివరించి, తనే భయపడింది. ఆమె తీరే అంత. ఆర్నెల్ల కూతురు నిద్రపోతుంటే ఊపిరి తీస్తోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషి.

“కరెంటు ఎంతో చెప్పు” అంది అత్త.

“చాలా తక్కువే. సన్నగా జిల్లుమంటుందంతే. నువ్వే రిమోటుతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.”

“అయితే ఆ రిమోటు మీ మావయ్య కంటపడనివ్వకు. ఛానల్ మార్చేస్తారు.”

యంత్రం పెట్టారు. జబ్బు మంత్రం వేసినట్టు మాయం కాలేదు గానీ, పరుగు కాస్తా నడకయింది. గాయం మానగానే తలుపత్త అడిగిన మొదటి కోరిక: “సినిమాకి తీసుకెళ్ళవే. ఆఖరి సీను చూడాలి.”

వరస నడుమ కుర్చీ ఎంచుకుంది. సింహాసనం ఎక్కినట్టు కూర్చుని, “ఇక్కణ్ణుంచి తెర ఇంత తిన్నగా ఉంటుందా!” అని ఆశ్చర్యపోయింది. చంటిది మావయ్య దగ్గర ఉంది. మేనకోడలు విరామంలో ఫోన్ చేసింది.

“ఊపిరి తీస్తోంది. నేనూ తీస్తున్నాను. పెట్టెయ్యి” అన్నాడాయన.

చివరికొచ్చేసరికి తెర మీద దొంగా పోలీసూ ఒకే మంచం కింద దాక్కున్నారు. హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మేనకోడలు మాత్రం పెదవి బిగబట్టి, కాళ్ళు ముడుచుకుని, రాయిలా కూర్చుంది. తలుపత్త తెర మీంచి కళ్ళు తిప్పి ఒక్కసారి పక్కకి చూసింది. చటుక్కున లేచింది.

“లేవే, నాకు అర్జెంటు. తోడు రా.”

“అత్తా, ఇంకాసేపట్లో అయిపోతుంది! రిమోటు...”

“రిమోటూ లేదు, గిమోటూ లేదు. లే!”

జనం గొణుగుతుంటే మోకాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుని ఇద్దరూ బయటపడ్డారు. “ముందు నువ్వెళ్ళు” అంది అత్త. మేనకోడలు వెళ్ళొచ్చేసరికి ఆవిడ బెంచీ మీద తీరిగ్గా కూర్చునుంది.

“నువ్వు వెళ్ళవా?”

“నాకేం పని?”

లోపల చప్పట్లు మోగాయి. తలుపత్త మెడ ఆ వైపు తిరిగింది.

“ఇన్నాళ్ళూ ఆ సీను కోసమే కదా అత్తా! మరెందుకు లేచావు?” అంది మేనకోడలు.

“పురుడైన దగ్గర్నుంచీ నా దుకాణానికి అన్నీ ముదురు రంగు బట్టలే తెచ్చి సరిచేయించుకుంటున్నావు. తుమ్మొస్తే గోడ పట్టుకుంటున్నావు. పిల్ల కేరింతలు కొట్టినా నవ్వడం లేదు. ఇలా దాచుకుంటూ తిరగడం ఒకప్పుడు నేనూ చేసిందే కదే. ‘నాకు అర్జెంటు’ అని నీ నోటితో అనలేవు. నాకైతే అలవాటేగా, నేనన్నాను. సినిమా ఎక్కడికి పోతుంది, రేపూ ఆడుతుంది.”

మేనకోడలికి ఏడుపొచ్చింది. దాన్ని తోసుకుంటూ నవ్వొచ్చింది. చాన్నాళ్ళకి భయం లేకుండా, బెంచీ కదిలిపోయేలా నవ్వింది.

“నాకూ యంత్రం పెడతారా అత్తా?”

“అదేం నగా, అందరికీ ఒకటే పెట్టడానికి? నీది నవ్వితే వచ్చేది, నాది వేరు. నీకు కసరత్తులతోనే పోవచ్చు. డాక్టరు చెప్తాడు, నువ్వు చెప్తే.”

మరుసటి వారం డాక్టరు గదిలో, “ఇబ్బంది ఎలా ఉంది?” అన్న ప్రశ్నకి మేనకోడలు ఉన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరైనా అంతే. ఆ రోజు సినిమా హాలు బెంచీ మీంచి లేస్తూ అత్త అన్న మాట ఇది:

“డాక్టరు దగ్గర ‘కొంచెం’ అనకే. ఇన్నేళ్ళూ నేను ‘కొంచెం ఇబ్బందండీ’ అంటూ వచ్చాను. వాళ్ళూ కొంచెమే మందిస్తూ వచ్చారు.”