సంగటి కట్టెతో కొలిచిన వాగు

మధ్యాహ్నం పన్నెండున్నరకు నన్ను లద్దాఖ్‌లోని ఆ పోస్టు ముందు దించారు. జూన్ నెల. ఎండ చుర్రుమంటోంది, నీడలోకి జరిగితే పళ్ళు టకటకలాడుతున్నాయి. చెట్టన్నది లేదు. నాలుగు రేకుల షెడ్లు, రెండు బంకర్లు, ఒక జెండా. తిరుమల కొండ ఆగకుండా నడిచి ఎక్కినవాణ్ణని నాకు కాస్త పొగరుండేది. కిట్‌బ్యాగు భుజాన వేసుకుని బంకరు దాకా పోయేలోపే కూలబడ్డాను.

నాది డ్రైవరు డ్యూటీ. అప్పగించిన బండి చిన్న ఫోర్‌వీల్ జీపు, కంపెనీ ఫిట్టింగ్ చెదరనిది. కింద ట్రాన్సిట్ క్యాంపు నుంచి కూరగాయలు, కిరోసిన్, ఉత్తరాలు తేవాలి. దారిలో ఒక వాగు, వంతెన లేదు. తెల్లవారుజామున పిక్కల లోతు ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి జీపును దొర్లించుకుపోతుంది. ఆర్డరు ఒక్కటే. పదకొండు లోపల దాటు, లేదా వెనక్కి తిరుగు.

ఇప్పుడు పాకాలలో నాకొక చిన్న జీపుల షెడ్డుంది. తిరుపతి నుంచి, ఏర్పేడు నుంచి కుర్రాళ్ళు కొత్త జీపులు తెస్తారు. ఇంకా సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీసి ఉండరు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, బండిని ఎంత ఎత్తు లేపుదాం?" ఆ ప్రశ్నకు నా జవాబు ఈ వాగు కథే. టీ తెప్పించి మరీ చెబుతాను.

పోస్టులో వంటమాస్టరు మనవాడే, గూడూరు. నిమ్మకాయల వ్యాపారం చేసే ఇంటివాడు. వాళ్ళమ్మ పుట్టిల్లు చిత్తూరు పక్క.

"యా ఊరన్నా నీది?" అన్నాడు మొదటిరోజే.

"పాకాల."

"అట్లయితే కూసో. సంగటి కెలకతా."

ఆ ఎత్తులో నీళ్ళు తొందరగా తెర్లుతాయి, ఏదీ ఓ పట్టాన ఉడకదు. అతను మాత్రం రాగిసంగటి ముద్ద గట్టిగా దించేవాడు. వాళ్ళమ్మ ఇచ్చిన సంగటి కట్టె ఒకటి ఉండేది, చేతికర్రంత పొడవు. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. రైఫిలైనా ఇస్తాను గానీ కట్టె ఇవ్వనన్నాడు ఒకసారి.

ఆ సంగటి సంగతి నేను ఫోనులో మా నాయనకు చెప్పాను. నాయన ఇంకేవేవో అడిగాడు. పెద్దవాళ్ళు గూడూరు పోయి వచ్చారు. రెండు నెలల్లో మా చెల్లెలికి అతనితో సంబంధం ఖాయమైంది. అప్పటిదాకా "అన్నా" అన్నవాడు మర్నాటి నుంచి "బావా" మొదలుపెట్టాడు. ముద్ద సైజు కూడా పెరిగింది.

ఆ రోజుల్లోనే మాకు జీపును సింగారించే పిచ్చి పట్టింది. మా వైపు జీపంటే నెత్తిన క్యారియరు ఉండాల్సిందే. దాని మీద టమోటా బాక్సులు, బాక్సుల మీద మనుషులు. చిత్తూరు మార్కెట్టుకు అట్లా పోయే జీపులను చూస్తూ పెరిగినవాళ్ళం.

"క్యారియరు లేకుంటే అది జీపంటారా బావా? బోడిగుండు మాదిరి ఉండాది" అన్నాడు.

పోస్టు ఆఫీసరు సాబ్‌ను అడిగాం. జెర్రీక్యాన్లు పైన పెట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. వర్క్‌షాపులో హరియాణా హవల్దారు మెకానిక్ ఉండేవాడు. ఇనుప క్యారియరు, దాని మీద నాలుగు లైట్లు, ముందర గడ్డపారల్లాంటి పైపులతో గార్డు తయారుచేశాడు. నేను వెల్డింగు పెట్టమన్నాను. అతను వినలేదు.

"బోల్టులే వేస్తాను. బిగించినదాన్ని విప్పాల్సిన రోజు వస్తుంది" అన్నాడు. నాకు అతని మొండితనం నచ్చలేదు. ఇప్పుడు మా షెడ్డులో నేనూ బోల్టులే వేస్తాను.

ముహూర్తం దగ్గరపడింది. ఇద్దరికీ ఒకేసారి లీవు కుదరదని సాబ్ తేల్చేశారు. నా ఒక్కగానొక్క చెల్లెలి పెళ్ళికి నేను పోలేను. చేయగలిగింది పెళ్ళికొడుకును ట్రాన్సిట్ క్యాంపులో మిలిటరీ లారీల కాన్వాయ్ ఎక్కించడం. అది రెండు గంటలకు కదులుతుంది. తప్పితే మళ్ళీ నాలుగు రోజులకు. అప్పటికి పాకాలలో పందిరి విప్పేసి ఉంటారు.

ఉదయం ఎనిమిదికి బయలుదేరాం. నేను, పెళ్ళికొడుకు, తోడుగా మెకానిక్. పోస్టు కుర్రాళ్ళు ఇచ్చిన కానుకలన్నీ క్యారియరు మీదే. రెండు ట్రంకుపెట్టెలు, కంబళ్ళు, ఒక తివాచీ, ఎండు ఆప్రికాట్ల బస్తా. సంగటి కట్టె మాత్రం పెళ్ళికొడుకు ఒళ్ళోనే. గూడూరు నుంచి ఇంటివాళ్ళు పంపిన పార్సిల్లో మిగిలిన నాలుగు నిమ్మకాయలూ నాలుగు చక్రాల కింద పెట్టాడు పెళ్ళికొడుకు.

"టీలో పిండుకోవాల్సినవి టైర్ల కింద పెడతారా!" అని మెకానిక్ నెత్తి కొట్టుకున్నాడు.

వాగులోకి దిగే దారి ఎడమకు వాలి ఉంటుంది. నేను రోజూ దిగేదే. ఆ రోజు సగం దిగేసరికి నెత్తి మీది బరువుకు కుడి చక్రాలు నేల వదిలాయి. మెకానిక్ వెనక సీటు నుంచి కుడివైపు బయటికి వేలాడాడు. అతని బరువుకు చక్రాలు మళ్ళీ నేలకు తగిలాయి. బండి జారి, ముందర గార్డు గులకరాళ్ళలో ముక్కుదాకా దిగబడింది. టైము పావు తక్కువ పది.

రేడియోలో సిగ్నల్ ఆపరేటర్. "పెళ్ళికొడుకు ఎక్కడ? ఓవర్."

"వాగు ఇవతల. జీపు నగలు తీస్తున్నాం. ఓవర్."

కాసేపు అటునుంచి నవ్వులే. తర్వాత సాబ్ గొంతు. "పదకొండు. మర్చిపోకు. ఓవర్."

సామాను మొత్తం గట్టు మీద పడేశాం. స్పానర్లతో క్యారియరు, లైట్లు, గార్డు ఊడదీశాం. బోల్టులు గనుక గంటలోపు అయింది. వెల్డింగైతే పెళ్ళి అక్కడే ఆగేది. టైర్లలో గాలి ముప్పై నుంచి పద్దెనిమిదికి దించాను. టైరు చపాతీలా పరుచుకుంది. అప్పటిదాకా గులకలో ఊరికే తిరిగిన చక్రం రివర్సులో పట్టుకుని, బండి తనంతట తాను బయటికొచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు నేర్చుకోవాల్సింది ఇదే. మంచి టైర్లు, గాలి కొలిచే మీటరు, మళ్ళీ నింపుకోవడానికి పంపు, లాగడానికి గట్టి హుక్కు, తాడు. బరువు కిందనే ఉండాలి. ఎత్తు లేపడం, లైట్లు పెట్టడం ఆఖరి ముచ్చట. ఒంటరిగా పోవద్దు.

టైము పదిన్నర దాటింది. నీళ్ళు మట్టిరంగు తిరుగుతున్నాయి. సంగటి కట్టెను చక్రం పక్కన నిలబెట్టి, చక్రం నడిమి బొడిపె దగ్గర కత్తితో గాటు పెట్టాను. నీళ్ళు గాటు దాటితే వెనక్కి పోవాల్సిందే.

"మా యమ్మ కట్టెకు గాటు పెడితివే బావా!" అన్నాడు.

"పెళ్ళి కావాలా, కట్టె కావాలా?"

"రెండూ." కట్టె లాక్కుని బూట్లు విప్పాడు. నేను దిగబోతే ఆపాడు. "పెండ్లి నాది, తడిసేదీ నేనే. నువ్వు స్టీరింగు కాడే ఉండు."

అతని నడుముకు తాడు కట్టాం, రెండో కొస మెకానిక్ పట్టుకున్నాడు. పెళ్ళికొడుకు అడుగడుక్కీ కట్టె గుచ్చుతూ నడిచాడు. మంచు నీళ్ళు. నడుమ ఒకచోట కాలు జారి తూలాడు. తాడు బిగుసుకుంది. మా చెల్లెలి ముఖం కళ్ళముందు కదిలింది. వెనక్కి రమ్మని అరవబోయాను. అంతలో నిలదొక్కుకున్నాడు. అవతలి గట్టు దగ్గర ఇటు తిరిగాడు.

"గాటుకు రెండు వేళ్ళు తక్కువే ఉండాది బావా! వచ్చెయ్!"

ముహూర్తం తొందరలో ఉన్నవాడి మాట నేను నమ్మను. "కట్టె చూపించు!" అని అరిచాను. చూపించాడు.

మెకానిక్ ఎక్కగానే లో గేరులో ఫస్టు వేశాను. ఆగకుండా, గేరు మార్చకుండా, ఎద్దులబండి నడకన దాటాను. దాటామని రేడియోలో సాబ్‌కు చెప్పాను. ఒంటిగంట దాటాక అతన్ని కాన్వాయ్ ఎక్కించాను. ఆ రాత్రి క్యాంపులోనే పడుకుని, మర్నాడు ఉదయం ఖాళీ జీపుతో వెనక్కి వచ్చాను. గట్టు మీది సామాను తర్వాత పార్సిల్లో పంపాం. క్యారియరు మళ్ళీ బిగించలేదు.

ఆ పోస్టు డ్యూటీ ముగిసి పాకాలలో రైలు దిగాను. చెల్లెలు గూడూరు నుంచి వచ్చి ఉంది. సంగటి పెట్టింది. కట్టె మీద ఎవరు గాటు పెట్టారని దెబ్బలాడింది. పెళ్ళి ఆల్బం ముందర పెట్టింది. తలపాగా, బాసికం, పట్టుపంచె, బావ బాగానే ఉన్నాడు. "నువ్వొక్కడివే లేవు కదన్నా" అని కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. కానీ నేను ఆ పెళ్ళిలో లేనని ఎప్పుడూ అనిపించలేదు.

నా దగ్గరున్న పెళ్ళికొడుకు వేరే. నడుముకు తాడు. మోకాళ్ళ పైకి మడిచిన ప్యాంటు. చలికి నీలం తిరిగిన పెదాలు. వాగులో నిలబడి, సంగటి కట్టెను రెండు చేతులతో తల మీదికెత్తి నవ్వుతున్నాడు. కట్టె నుంచి నీళ్ళు మోచేతుల మీదికి కారుతున్నాయి. గాటు మాత్రం పొడిగా ఉంది.